ఆరు మంగళవారాలు

అమ్మ ఇంకో ఆరు మంగళవారాలు బతకాలి. ఐసీయూ తలుపుకి ఎదురుగా ఇనుప కుర్చీలో కూర్చుని అమర్నాథ్ ఆ లెక్క మళ్ళీ మొదట్నుంచీ వేసుకున్నాడు. మంగళవారం మంగళవారం షేర్ మార్కెట్లో ఆప్షన్ల గడువు తీరుతుంది, తీరిన ప్రతిసారీ కొంత వెనక్కొస్తుంది, ఆరుసార్లు వస్తే పోయినదంతా పూడుతుంది, పూడితే ఫోన్లో తాకట్టు పడి ఉన్న బంగారం బయటికొస్తుంది, దాన్ని అమ్మి గుంటూరులో మళ్ళీ నగలు చేయించవచ్చు, పాత నగల ఫొటోలున్నాయి, అచ్చు అలాగే పోస్తామన్నారు కొట్లో, ఆ తర్వాత అమ్మ ఎప్పుడు... అక్కడికొచ్చేసరికి ఆలోచన తూలి, పక్కకి జరిగి, మళ్ళీ ఫోను మీద వాలింది. ఇవాళ సోమవారం. తెర నిండా ఎరుపు. నిఫ్టీ ఎరుపు, బ్యాంకులు ఎరుపు, అన్నిటికన్నా కిందున్న బంగారం గీత కూడా ఎరుపే. అది మాత్రం అలా ఉండకూడదు. షేర్లు పడిన రోజు బంగారం లేవాలి. అందుకే కదా అది అక్కడున్నది.

డాక్టరు బయటికొచ్చి చెప్పి వెళ్ళాడు. కుర్రవాడే, మాట మెత్తగా ఉంది. ఊపిరితిత్తులకి నిమ్ము రెండు వైపులా పట్టింది, కిడ్నీలు కూడా వెనకబడ్డాయి, వయసు డెబ్బయి ఆరు, పెద్దగా ఆశ పెట్టుకోవద్దు అన్నాడు. వెంటిలేటరు మీద కొనసాగించమంటే కొనసాగిస్తాం, కొన్ని రోజులు కావచ్చు, వారాలు కూడా కావచ్చు. ఇంటికి తీసుకెళ్ళిపోతామంటే ఆక్సిజన్‌తో అంబులెన్సులో పంపిస్తాం. అందరూ మాట్లాడుకుని ఒక గంటలో చెప్పండి. అతను చెప్పిన మాటలన్నిటిలో అమర్నాథ్‌కి వారాలు అన్న మాట ఒక్కటే పూర్తిగా వినపడింది. మిగతావి తర్వాత ఒక్కొక్కటే వచ్చాయి, ఆలస్యంగా వచ్చిన బస్సులోంచి ముసలివాళ్ళు దిగినట్టు.

ఎదురు వరసలో అక్క ప్రమీల కూర్చుంది. చిలకలూరిపేట నుంచి శనివారం వచ్చింది, వచ్చినప్పటి చీరే ఇంకా ఒంటి మీద ఉంది. పక్కన బావ హనుమంతరావు, తెల్ల చొక్కా, రెండు ఫోన్లు, ఊళ్ళో పంచాయతీ గొడవలన్నీ ఆ రెండు ఫోన్లలోనే తీరుస్తాడు. ఇవాళ మాత్రం రెండూ జేబులో ఉన్నాయి. అమర్నాథ్ చేతిలో ఉన్న ఫోన్నే చూస్తున్నాడు.

“ఏంది బావమరిదీ, లోపల మిషన్ల కన్నా ఆ ఫోనే ఎక్కువ కొట్టుకుంటన్నట్టుంది,” అన్నాడు.

“కొట్టు వాళ్ళు బావా. మందు స్టాకు దిగుతంది.”

మందుల కొట్టు ఉంది, అది అబద్ధం కాదు. నరసరావుపేట పల్నాడు రోడ్డులో పురుగుమందులు, విత్తనాలు, ఎరువులు. భార్య దీపశ్రీ కూర్చుంది ఇప్పుడు కౌంటర్లో. పొద్దున తొమ్మిదింబావుకి మార్కెట్ మొదలైతే కౌంటరు కింద సొరుగులో ఫోను పెట్టుకుని చూసేవాడు. మిర్చికి నల్లి పట్టిందని రైతు చెబుతుంటే తలూపుతూ ధర చూసేవాడు. నల్లి మందు అడిగిన వాడికి బొబ్బర మందు ఇచ్చి పంపించిన రోజూ ఉంది. ఆ రైతు వెనక్కొచ్చి తిట్టలేదు, నీకు ఒంట్లో బాలేదా నాయనా అని అడిగాడు. ఆ రోజు లాభం వచ్చింది. లాభం వచ్చిన రోజులన్నీ అలాగే గుర్తున్నాయి, ఎవరో ఒకరి మొహంతో కలిసి.

నేర్పింది శ్రీనాథ్. చిలకలూరిపేటలో స్పిన్నింగు మిల్లు లెక్కలు చూస్తాడు, డిగ్రీలో ఒకే బెంచి. మిల్లు వాళ్ళు ఇవాళ పత్తి కొంటే ఇవాళే ఇంకోపక్క ముందు తేదీకి అమ్మి పెట్టుకుంటారు రా, రేటు పడినా వాళ్ళకి నిద్ర పట్టుద్ది, దాన్నే హెడ్జింగు అంటారు, అన్నాడు. కంచె. చేనుకి కంచె వేసినట్టు. షేర్లు ఒక పక్క, బంగారం ఇంకో పక్క. భయం పుట్టిన రోజు జనం షేర్లు అమ్మి బంగారం కొంటారు, కాబట్టి ఒకటి పడితే ఇంకోటి లేచుద్ది, నీ ఇంట్లో బంగారం లేదా ఏంది. ఉంది. బ్యాంకు లాకర్లో ఉంది, అమ్మ పేరూ తన పేరూ కలిపి. మోకాళ్ళ నొప్పులు వచ్చాక అమ్మ లాకరు దగ్గరికి రావడం మానేసింది. నువ్వే చూసుకో నాయనా అంది. చూసుకున్నాడు.

ఒక్కడే వెళ్ళి తెచ్చాడు. కాసులపేరు, చంద్రహారం, వడ్డాణం, అరవంకీలు. అచ్చంపేట దగ్గర ఊళ్ళో ఐదెకరాల మిరప మీద అమ్మ కూడబెట్టినవి. మిర్చికి రేటొచ్చిన ఏడు కాసులపేరు, పత్తి బాగా పండిన ఏడు అరవంకీలు, రెండూ పోయిన ఏడు ఏమీ లేదు, ఆ ఏడు పాతది కూడా కదల్చలేదు, జొన్న సంకటి తిన్నారు గానీ పెట్టె తెరవలేదు. ఎన్నికల గొడవల్లో ఊరు సగం ఖాళీ అయినప్పుడు నగలన్నీ చీర కింద నడుముకి చుట్టుకుని తెల్లవారుజామున కృష్ణ ఒడ్డున నడిచింది అమ్మ, పిల్లాడైన తను ముందు నడిచాడు, మన వీరరాఘవమ్మ మళ్ళీ కడుపుతో ఉందేమో అని అమ్మని చూసి దారిలో ఎవరో అనుకున్నారట, అది చెప్పి జీవితమంతా నవ్వింది. ఆ వడ్డాణాన్ని గుంటూరు కొట్లో మూసలో వేసినప్పుడు ముందు అంచులు మెత్తబడ్డాయి, తర్వాత మధ్యలో లక్ష్మీదేవి బొమ్మ మొహం చెదిరింది, తర్వాత ఏ బొమ్మా లేదు, పసుపు పచ్చటి నీళ్ళు. బాధ కలగలేదు. బంగారం ఎక్కడికీ పోలేదనుకున్నాడు. ఆ డబ్బంతా ఆ రోజే ఫోన్లో బంగారం యూనిట్లుగా కొన్నాడు. పెట్టెలో ఉన్న బంగారం ఫోన్లోకి వచ్చింది, అంతే. పెట్టెలో ఉంటే దానికి పని లేదు, ఇక్కడైతే అదే కంచె, అదే హామీ, దాన్ని తాకట్టు చూపించి ఆప్షన్లు అమ్మవచ్చు. ఒకే ఎద్దుని రెండు కాడి మాన్లకి కట్టినట్టని అప్పుడు తోచలేదు.

ఆప్షన్లంటే ధరల మీద పందేలే, కొనేవాడు ఏదో జరుగుతుందని కొంటాడు. అమ్మేవాడు ఏమీ జరగదని అమ్ముతాడు. ఏమీ జరగకుండా రోజులు గడిస్తే చాలు, గడిచిన ప్రతి రోజూ అమ్మినవాడికి డబ్బే. ఏడాది పాటు ఏమీ జరగలేదు. మంగళవారం వస్తుంది, పోతుంది, డబ్బు పడుతుంది. ఏడాది తర్వాత ఎక్కడో సముద్రాల అవతల యుద్ధం మొదలైంది. మార్కెట్ ఒక్క పొద్దులో జారింది. సరే, బంగారం ఉంది కదా అనుకున్నాడు. రెండు రోజులు అది లేచింది, మూడో రోజు అదీ పడింది. శ్రీనాథ్‌ని అడిగితే, పెద్ద పెద్దోళ్ళకి షేర్లలో నష్టాలొచ్చి, ఆ గుంటలు పూడ్చుకోటానికి ఉన్న బంగారం తెగనమ్ముతున్నారు రా, ఇట్టాంటప్పుడు రెండూ కలిసే పడతాయి, అన్నాడు. ఈ మాట ముందు ఎందుకు చెప్పలేదురా అంటే, ఇట్టా ఎప్పుడోగానీ జరగదురా అన్నాడు.

ఫోను వణికింది. బ్రోకరు కంపెనీ మెసేజి, పొద్దున్నుంచీ ఇది మూడోది. హామీ చాలడం లేదు, మార్కెట్ మూసేలోగా డబ్బు జమ చేయండి, లేకపోతే తాకట్టులో ఉన్న బంగారం యూనిట్లు మేమే అమ్ముతాం. ఈ ధరకి అమ్మేస్తే ఇక మిగిలేది సగం నగలకి కూడా రాదు.

“ఇంటికే తీసకపోదాం రా,” అంది అక్క. చాలాసేపట్నుంచి ఆ మాట నోట్లో పెట్టుకుని కూర్చుందని ఆ గొంతే చెప్పింది. “మన పంచలో, మన మంచం మీద. మన వాళ్ళెవరూ ఆస్పత్రిలో పోలేదు. నాన్ననీ అట్టాగే తెచ్చుకున్నాం. ఊపిరుండగా గడప దాటించాలి.”

ఇంటికి వెళితే ఇవాళ రాత్రి, మహా అయితే రేపు. మూడో రోజు చిన్నకర్మ. తమ వాళ్ళలో ఆ రోజే తల్లి నగలు బయటికి తీస్తారు. ఫొటో ముందు తుండుగుడ్డ పరిచి, ఒక్కొక్కటీ పెట్టి, త్రాసు తెప్పించి, ఊరి పెద్దల ముందు తూచి, కూతురికి ఇవ్వాల్సింది కూతురికి, కోడలికి ఇవ్వాల్సింది కోడలికి. నానమ్మ పోయినప్పుడు తను చూశాడు. పెద్దనాన్న నగ తీసి పేరు చెప్పి, ఎవరు కొన్నారో ఏ ఏడు కొన్నారో చెప్పి పెట్టాడు. పెద్దనాన్న లేడు. ఇప్పుడు ఆ పని తనది. ఖాళీ తుండుగుడ్డ. ఊరంతా. బావ తెల్ల చొక్కా. అమ్మ ముక్కుపుడక ఒక్కటి పెట్టి పక్కకి జరిగిన తను.

“వద్దక్కా,” అన్నాడు. “ఇంకా పది రోజులు చూద్దాం. మందులు పని చేస్తాయి. ఎంతమంది లేచి తిరగటల్లేదు. మనమే తీసకపోయి మనమే చంపుకున్నట్టు అవుద్ది.”

అక్క ఏడుపు ఆపుకుంది. “శనివారం లోపలికి తీసకపోయేటప్పుడు నువ్వొక్కడివే ఉన్నావు గదా. ఏమన్నా అందా రా? ఇంటికి తీసకపొమ్మని గాని అందా?”

ఆ రోజు స్ట్రెచరు చక్రం ఒకటి వంకర, అటూ ఇటూ లాగుతూ ఉంది, ఆయా తిట్టుకుంటూ తోసింది. అమ్మ అతని చొక్కా పట్టుకుంది. పట్టులో బలం లేదు, గుండీ దగ్గర రెండు వేళ్ళు ఇరికించుకుంది అంతే. ఒరేయ్ అమరా, ఈ గొట్టాలు నాకొద్దురా, నన్ను ఇంటికి తీసకపో, అక్కని పిలిపించు. మూడు మాటలూ మూడు ఊపిర్లలో అంది. సంతకం ఎక్కడ పెట్టాలని అతను నర్సుని అడిగాడు.

“ఏమీ అనలేదక్కా,” అన్నాడు. “మాట్లాడే పరిస్థితిలో లేదు.”

నర్సు తలుపు తీసి, ఒక్కరు రావచ్చు అంది. అక్క లేవబోయి కూలబడింది, నువ్వెళ్ళు రా, నేను చూళ్ళేను అంది. లోపల చల్లగా ఉంది, పురుగుమందుల గోడౌనులో లాంటి ఒక వాసన, అది తను తెచ్చుకున్న వాసనేమో తెలియదు. అమ్మ నోట్లో గొట్టం, చెంపలకి అంటించిన టేపు. గొట్టం పీకేసుకుంటోందని చేతులు రెండూ గుడ్డతో మంచం కడ్డీకి వదులుగా కట్టారు. గాజులు తీసిన చోట చర్మం లేతగా, చిన్నపిల్ల చెయ్యిలా ఉంది. మిషను ఊపిరి లోపలికి తోస్తుంది, ఆగుతుంది, తోస్తుంది. పైన తెర మీద పచ్చ గీత. దాని కింద అంకెలు మారుతున్నాయి, తొంభై ఒకటి, తొంభై, తొంభై ఒకటి. అతని కళ్ళు వాటి మీదకే పోయాయి. పెద్దగా పైకీ లేదు కిందకీ లేదు. ఏమీ జరగడం లేదు. ఇలాగే ఉంటే చాలు. ఆ మాట మనసులో అనుకున్నాక గాని అది ఎక్కడ అనుకునే మాటో అతనికి తట్టలేదు. అమ్మ కళ్ళు సగం తెరుచుకున్నాయి. గుర్తు పట్టిందో లేదో. కట్టిన చెయ్యి కొంచెం లేచి గుడ్డ బిగిసిన చోట ఆగింది. వేళ్ళు మాత్రం దేన్నో పట్టుకున్నట్టు దగ్గరికొచ్చాయి. గుండీ అంత దూరం. అతను ఒక అడుగు వెనక్కి వేశాడు. నేనున్నానమ్మా అందామని నోరు తెరిచాడు, జేబులో ఫోను వణికితే మూశాడు.

బయటికి రాగానే అక్క అతని మొహం చూసింది. ఏం చూసిందో ఆ మొహంలో, లేచి వచ్చి అతని తల తన భుజానికి ఆనించుకుంది. చిన్నప్పుడు బడి నుంచి వచ్చేటప్పుడు వానొస్తే అలాగే పట్టుకునేది.

“సరే రా,” అంది. “నువ్వంత ఆశ పెట్టుకున్నాక నేను కాదంటే పాపం. ఉంచుదాం. డాక్టరుకి చెప్పిరా.”

“సాయంత్రం లోపు ఇంకో రెండు లక్షలు కట్టమంటన్నారు కౌంటర్లో,” అన్నాడు. అది నిజమే. నిజాలు కూడా ఇవాళ అబద్ధాల్లాగే నోట్లోంచి వస్తున్నాయి. “డబ్బంతా రైతుల దగ్గర అప్పుల్లో ఉంది. కాయ కోతకొస్తేగాని రాదు.”

ప్రమీల ఎడమ చేతి గాజులు తియ్యడం మొదలుపెట్టింది. లావైన చెయ్యి, మణికట్టు దగ్గర ఇరుక్కున్నాయి, పళ్ళు బిగించి లాగింది, బొటనవేలి కింద ఎర్రగా గీసుకుపోయింది. హనుమంతరావు సబ్బు కావాలా ఏమే అన్నాడు. అక్కర్లేదంది. నాలుగు గాజులు. అత్తగారి వైపువి.

“ఎదురుగా రోడ్డు దాటితే గోల్డు లోన్ ఆఫీసు,” అన్నాడు బావ. “అమ్మబాక. తాకట్టే పెట్టు. మిర్చి డబ్బులు రాగానే మొదట అయ్యే విడిపించాల. మీ అమ్మ సొమ్ము లాకర్లో భద్రంగా ఉంటే నా పెళ్ళాం సొమ్ము బజారున పడతంది చూడు.”

“ఊరుకో మావా, అమ్మ బతికుండగా అమ్మ సొమ్ము ముట్టుకుంటామా,” అంది అక్క. పల్లెటూళ్ళో అందరిలాగే మొగుణ్ణి మావా అనే పిలుస్తుంది.

రోడ్డు మీద ఎండ మొహాన కొట్టింది. ఆటోలు, చెరుకు రసం బండి, మందుల షాపు ముందు చీటీలు పట్టుకున్న జనం, కోర్టు వైపు వెళ్ళే బస్సు. గాజులు జేబులో ఇంకా వెచ్చగా ఉన్నాయి. దాటుతుంటే ఒకటి అనుకున్నాడు, డబ్బు రాగానే ఆస్పత్రికి కట్టెయ్యాలి, మొదట అదే. రోడ్డు మధ్యలో డివైడరు మీద నిలబడినప్పుడు ఇంకోటి అనుకున్నాడు, ఆస్పత్రి వాళ్ళు సాయంత్రం దాకా ఆగుతారు, మార్కెట్ ఆగదు. అవతలి అంచు ఎక్కేసరికి అది నిర్ణయం కాదు, మామూలు విషయంలా ఉంది. ఎవరైనా అలాగే చేస్తారు. ముందు మూసేది ముందు, తర్వాత మూసేది తర్వాత.

లోన్ ఆఫీసులో ఏసీ శబ్దం. అమ్మాయి గాజుల్ని రాయి మీద గీసి, చుక్క వేసి, తూకం వేసింది. ఎవరివి సార్ అంది. మా అక్కవి. లోను దేనికి సార్. వైద్యానికి. ఆ మాట కంప్యూటర్లో కొట్టింది. అవసరంలో, బాధలో ఉన్నవాళ్ళని చూసి చూసి అలవాటైన మొహం, పెద్దామెకి ఎట్టా ఉంది అని మాత్రం అడిగింది. డబ్బు బ్యాంకు ఖాతాలో పడిందని ఫోను చెప్పింది. ఒక్క వేలు కదిపితే అది బ్రోకరు ఖాతాలోకి వెళ్ళింది. ఆస్పత్రి కౌంటరు దగ్గర స్కాను చేయమని ఇచ్చిన కాగితం పై జేబులోనే ఉంది. ఎర్ర హెచ్చరిక తెర మీంచి పోయింది. బంగారం భద్రం. గోడకి ఆనుకుని కూర్చున్నాడు. ధర గీత కిందకి పోయి, ఆగి, ఒక గింజ ఎత్తు పైకి లేచింది, ఇంకో గింజ. ఇలాగే లేస్తే, ఇలాగే.

ధర మాయమైంది. తెర నిండా అక్క పేరు. లోను అమ్మాయి అటు చూసింది. అతను పేరుని పక్కకి తోశాడు, ధర మళ్ళీ వచ్చింది, ఇంకా లేస్తోంది. మళ్ళీ అక్క పేరు. ఈసారి ఎత్తాడు, ఎత్తి, ధర కనపడేలా చిన్నది చేసి, చెవి దగ్గర కాకుండా ఒళ్ళో పెట్టుకున్నాడు.

“అమరా.” ఏడవడం లేదు అక్క. “అమ్మ పోయింది రా. నువ్వటు దాటావు, ఇటు పోయింది. లోపలికి పిలిచారు. నేను పోయేసరికే.”

“ఆ,” అన్నాడు.

“డబ్బులింక వద్దు. ఆ గాజులు పెట్టకపోతే ఎనక్కి తీసకరా. పెట్టినా ఏం కాదులే, ఇప్పుడే విడిపించుకో. అంబులెన్సు మీ బావ మాట్లాడతన్నాడు. చీకటిపడే లోపు ఊరికి చేరాల.”

ఇవాళ సోమవారం. ఎల్లుండి చిన్నకర్మ. తుండుగుడ్డ, త్రాసు. మధ్యలో ఒక్క మంగళవారం. ఆరు మంగళవారాలకి తెచ్చుకోవాల్సింది ఒక్క మంగళవారంలో తెచ్చుకోవాలి. అమ్మేవాడికి అంత రాదు, అమ్మేవాడికి చినుకు చినుకే. కొనేవాడికి వస్తుంది. రేపు గడువు తీరే ఆప్షన్లు ఇప్పుడు కారు చౌక, మార్కెట్ రేపు ఎగిరితే ఒకటికి పది. ఎగరకపోతే సున్నా. ఎగురుతుంది. ఇంత పడ్డాక ఎగరక ఏం చేస్తుంది. డబ్బు కావాలి, చాలా కావాలి. ఉంది. ఇప్పుడే కాపాడుకున్నది ఉంది. పాత ఆప్షన్లు నష్టానికే మూసేస్తే తాకట్టు విడుతుంది, మూసేశాడు. బంగారం దగ్గర వేలు పెట్టి, అన్ని యూనిట్లూ, అమ్మకం అని నొక్కాడు. మూడు ముక్కలుగా అమ్ముడైంది. ఆ డబ్బు కనపడగానే రేపటి ఆప్షన్ల దగ్గర లాట్ల సంఖ్య వేశాడు, సరిపోదని చెరిపి పెద్దది వేశాడు.

“వరస పిన్ని వాళ్ళకి నేను ఫోన్ చేస్తా. నువ్వు దీపశ్రీకి చెప్పు. అమ్మకి పచ్చ అంచు చీర కట్టిద్దాం రా, అదంటే ఇష్టం,” అక్క గొంతు ఇప్పుడు విరిగింది, విరిగి కూడా ఆగలేదు, “మెడలో కాసులపేరు వేద్దాం. గడప దాటేదాకన్నా వేసుకోనీ. బ్యాంకు మూసే లోపు లాకరు దగ్గరికి పోయి అదొక్కటి తీసకరా. ఇంటన్నావా రా?”

“ఇంటన్నా. చెప్పక్కా,” అన్నాడు అమర్నాథ్, ఆర్డరు పూర్తయిందన్న మాట వచ్చేదాకా తెర మీంచి కళ్ళు తియ్యకుండా.